చుట్టాలు లేని కన్ను

నిచ్చెన పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే చివరికి నికొలాసాయే వెళ్ళి పట్టుకుంది. తనను ఇంటికి పంపడానికి బిగిస్తున్న యంత్రానికి తానే నిచ్చెన పట్టడమేమిటని అవతలి గేటు దగ్గర నుంచి తన తోటి కాపలాదారు కసిమీరో చేతులు తిప్పి అడిగాడు. ఆమె చూడనట్టే నిచ్చెన ఇంకాస్త బిగించి పట్టుకుంది. ఆ పైనున్నవాడు పడి నడుం విరగ్గొట్టుకుంటే మాత్రం తన ఉద్యోగం నిలబడుతుందా?

“గట్టిగా పట్టుకున్నావా అమ్మా?” అని పైనుంచి కేక.

“పట్టుకున్నాన్లే. కిందకి చూడకు, పని చూసుకో.”

అతని పేరు ఎర్లాన్. తూర్పున వేడి పల్లపు ప్రాంతం నుంచి వచ్చిన మెకానిక్కు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. కొండల నడుమ ఊరు ఈ కొచబాంబాలో ఫిబ్రవరి ఎండకి జనం నీడ వెతుక్కుంటుంటే ఇతగాడు ఉన్ని టోపీ పెట్టుకుని, పొద్దున చలికి చచ్చిపోయానని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు. ఇనుప స్తంభం నెత్తిన అరచేతి మందాన ఉన్న నల్లటి పెట్టె బిగించి, దాని మొహాన్ని బయటికి వెళ్ళే గేటు వైపు తిప్పి, మరలు ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకుని దిగాడు. పనిమంతుడే. ఆ సంగతి నికొలాసా వెంటనే గ్రహించింది. మర బిగించాక మళ్ళీ చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి ఆమె నమ్ముతుంది.

హోల్‌సేల్ మార్కెట్ వెనకున్న ఆ మట్టి మైదానంలో మూడు వందల బళ్ళు పడతాయి. చుట్టూ రేకుల గోడ, లోపలికి ఒక గేటు, బయటికి ఒక గేటు. పద్దెనిమిదేళ్ళుగా నికొలాసా అక్కడ బళ్ళు కాస్తోంది. కుచ్చుల లంగా మీద ఆకుపచ్చ చొక్కా, మెడలో ఈల, చేతిలో ఎర్రగుడ్డ. బండి సందులోకి దూరేటప్పుడు “రా, రా, ఇంకా రా, చాలు” అని గుడ్డ ఊపి నిలబెట్టడం, ఎండ తగలకుండా అద్దం మీద అట్టముక్క పెట్టడం, వెళ్ళేటప్పుడు రోడ్డు మీద బళ్ళని ఈల ఊది ఆపి సాగనంపడం ఆమె పని. నంబర్లు ఆమె ఎన్నడూ చూడలేదు. ఏ బండి ఎవరిదో, ఏ బండి తలుపు ఎలా కిర్రుమంటుందో ఆమెకు తెలుసు.

మార్కెట్ వర్తకుల సంఘం పెద్ద సెవెరీనా బంగాళాదుంపల బస్తాల మధ్య నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. నికొలాసా మొహం చూడకుండా ఎర్లాన్‌తోనే చెప్పాల్సిందంతా చెప్పింది.

“మంగళవారం సాయంత్రం దాకా పరీక్ష. నీ యంత్రం నంబర్లు చూసి, చీటీ చూసి, తనంతట తనే అడ్డకర్ర ఎత్తాలి. ఎత్తిందా, ఉంటుంది. చేత్తో ఎత్తాల్సి వచ్చిందా, విప్పుకుని పట్టుకుపో.”

“ఉంటే మరి మేము?” అని నికొలాసా అడిగింది.

సెవెరీనా అప్పుడు చూసింది. “నీకు నేను కొత్తగా చెప్పేదేముంది నికొలాసా? సంఘం అనుకున్న మాటే. కార్నివాల్ పండుగ అయ్యేదాకా ఉంటారు.”

బియ్యం కొట్టు ఫెలిసియానో అటుగా వెళుతూ ఆగాడు. ఈ మార్కెట్లో అందరికంటే పెద్ద కొట్టు ఆయనది, అందరికంటే పెద్ద టోపీ కూడా. ఆయన పైకి పెట్టెను చూసి, ఎర్లాన్ భుజం తట్టి, అందరికీ వినపడేలా అన్నాడు.

“మంచి పని చేశావయ్యా. దొంగలకి ఈల ఊది దారిచ్చేవాళ్ళతో ఇక మాకు పని లేదు.”

నికొలాసాకి ఆరు వారాలుగా ఇదే మాట. జనవరిలో ఆయన తెల్ల వ్యాను పట్టపగలు ఈ గేటులోంచే వెళ్ళిపోయింది. తాళంచెవి ఊపుకుంటూ వచ్చినవాడికి ఈమే అట్టముక్క తీసి, ఈమే రోడ్డు మీద లారీని ఆపి, ఈమే దారిచ్చింది.

“దొంగ అనుకుని దారివ్వలేదు దోన్ ఫెలిసియానో. మీ జ్ఞానపుత్రుణ్ణన్నాడు, ఇచ్చాను.”

“అలాంటివాడు నాకెవడూ లేడని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వైపు కాక తన బూటు ముక్కు వైపు చూశాడు. బూటుకి బురదేమీ లేదు.

నిజానికి ఫెలిసియానోకి జ్ఞానపుత్రులు ఎంతమందో ఆయనకే లెక్క తెలియదు. ఈ ఊళ్ళో పిల్లకి జ్ఞానస్నానం అయినా, మొదటిసారి జుట్టు కత్తిరించినా, పెళ్ళి అయినా, కొత్త ఇంటికి పైకప్పు వేసినా, లారీ కొన్నా, తండ్రిగానో తల్లిగానో పక్కన నిలబడేందుకు ఒకరు కావాలి. కొట్టు పెద్దదైనకొద్దీ అలా నిలబడాల్సిన వేడుకల సంఖ్య కూడా పెరుగుతుంది. అలాంటి పెద్దమనిషి పేరు చెప్పుకుని వచ్చినవాణ్ణి “రుజువేదీ?” అని అడగడమంటే ఆ పెద్దమనిషి మొహాన ఉమ్మినట్టే. నికొలాసా అడగలేదు. ఈ మైదానంలో ఎవరూ అడిగి ఉండేవారు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా తప్పు ఆమెదే అయి కూర్చుంది.

*

శనివారం, ఆదివారం, సోమవారం యంత్రం చక్కగా పనిచేసింది. బండి లోపలికి రాగానే లోపలి గేటు దగ్గరున్న చిన్నపెట్టె దాని నంబరు చూసి, అదే నంబరు అచ్చేసిన చీటీ బయటికి కక్కుతుంది. వెళ్ళేటప్పుడు చీటీ చూపించాలి, పెట్టె మళ్ళీ నంబరు చూస్తుంది, రెండూ ఒకటైతే అడ్డకర్ర లేస్తుంది. కాకపోతే ఎర్రదీపం. మూడు రోజుల్లో ఎర్రదీపం వెలిగింది రెండేసార్లు, రెండుసార్లూ మొగుడి చీటీ పెళ్ళాం, పెళ్ళాం చీటీ మొగుడు పట్టుకొచ్చినందుకు. జనం సరదాపడ్డారు. నికొలాసా ఎర్రగుడ్డ ఊపుతున్నా ఎవరూ ఆమె వైపు చూడడం లేదు, అందరి కళ్ళూ ఆ కర్ర మీదే.

సోమవారం పొద్దున ఆమె రెండు గ్లాసుల వేడి ఊదారంగు మొక్కజొన్న జావ, రెండు జున్ను పూరీలు తెచ్చి ఒకటి ఎర్లాన్ ముందు పెట్టింది. అతను గేటు గదిలో కూర్చుని తెర చూసుకుంటున్నాడు.

“నాకెందుకమ్మా?”

“చలికి చచ్చిపోయానన్నావుగా. తాగు.”

అతను తాగుతూ తెర వైపు చూపించాడు. ఒక మినీబస్సు ముక్కు, దాని కింద నంబరు. “చూశావా, కన్ను మూసి తెరిచేలోపు చదివేస్తుంది.”

“అది బస్సు కాదు, రోసాలియో. పొద్దున్నే పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడు, అద్దం కిందకి దించలేదు చూడు.”

“దానికి రోసాలియో తెలియదు, పెళ్ళాం తెలియదు.”

నికొలాసా పూరీ తుంచుతూ పైకి చూసింది. “దీనికి ఎవరు నిలబడ్డారు?”

“నిలబడ్డమేంటి?”

“జ్ఞానతల్లి ఎవరు, జ్ఞానతండ్రి ఎవరు అని. కొత్త వస్తువు కదా. ఒక పువ్వు పెట్టలేదు, నాలుగు చుక్కలు బీరు పొయ్యలేదు. అనాథలాగ ఎక్కించేశావు.”

ఎర్లాన్‌కి జావ పొలమారింది. “దీనికి కరెంటు చాలమ్మా! చుట్టాలెవరూ లేకపోవడమే దీని గొప్ప. ఎవరి మొహమూ చూడదు. చీటీ, నంబరు కలవకపోతే నువ్వు మేయరుగారి చెల్లెలివైనా కర్ర లేవదు.”

“నోరారా అడిగినా?”

“కాళ్ళు పట్టుకున్నా.”

ఆమె ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించింది. కాదనడం అంత తేలికా? పద్దెనిమిదేళ్ళలో తాను ఎవరితోనైనా కాదని చెప్పిందా అని గుర్తు చేసుకుంటే ఒక్కసారీ తట్టలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని వెళుతూ, ఆ నల్లపెట్టె మీద మొదటిసారి కాస్త అసూయ కలిగి తనలో తనే నవ్వుకుంది.

*

మంగళవారం బళ్ళ దీవెన. ఆ పూట మార్కెట్లో అమ్మకాలుండవు. ముందు కొట్టుకి, తర్వాత బండికి పూజ. మైదానం మధ్యాహ్నానికల్లా పూలబజారైపోయింది. ప్రతి బండికీ ముక్కు మీద గ్లాడియోలస్ పూలు, చుట్టూ రంగురంగుల కాగితపు రిబ్బన్లు, బుడగలు. చక్రాలకి బీరు, నేలతల్లికి బీరు, మనుషులకి మిగిలిన బీరు. నెత్తిన రంగు కాగితపు ముక్కలు, మొహాన డబ్బాల్లోంచి చిమ్మే నురగ. దీవెన బండి లోపలికంటా వెళ్ళాలని తలుపులూ బోనెట్టూ బార్లా తెరిచిపెట్టి, తాళంచెవులు బండికే వదిలేస్తారు. తాళం వేసిన బండిలోకి అదృష్టం ఎలా దూరుతుంది? టపాకాయల మోతలో బ్యాండు వాయిస్తున్నవాడికే తన బాకా వినపడడం లేదు.

మూడింటికి మొదటి బండి బయటికి బయల్దేరింది. గేటు దగ్గర ఆగింది. చీటీ చూపించారు. కర్ర లేవలేదు.

ఎర్లాన్ గదిలోంచి బయటికి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. నంబరు ప్లేటు కనపడితే కదా! మూరెడు మందాన పూలూ కాగితాలూ కప్పేసి ఉన్నాయి. ఆ వెనక బండికీ అంతే. దాని వెనక దానికీ.

“ఈ పూలు కాస్త తీసేయండయ్యా,” అన్నాడు.

బండాయన అతని వైపు జాలిగా చూశాడు. “ఇప్పుడు పెట్టినవి ఇప్పుడు తీసేస్తే, ఏడాదంతా బండి నడుపుతావా నువ్వొచ్చి?”

“పోనీ నంబరు దగ్గర మాత్రం—”

“పల్లపువాడికేం తెలుసు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. “దానికి దీవెన పెట్టకుండా ఎక్కించావు కదా, అందుకే కళ్ళు పోయాయి!”

అందరూ గొల్లుమన్నారు. హారన్లు మొదలయ్యాయి. పది నిమిషాల్లో నలభై బళ్ళు వరస కట్టాయి. సెవెరీనా నెత్తి నిండా కాగితం ముక్కలతో వచ్చింది.

“ఏమిటీ గోల? చేత్తో ఎత్తండి!”

“చేత్తో ఎత్తితే ఇక యంత్రం ఎందుకు దోన్యా సెవెరీనా?”

“అదే నేనూ అంటున్నాను నాయనా. చేత్తో ఎత్తి జనాన్ని పంపు. సాయంత్రం నిచ్చెన వేసుకుని అది విప్పుకో.”

కసిమీరో అప్పటికే కర్ర పిడి అందుకున్నాడు. డెబ్భై ఏళ్ళ మొహం వెలిగిపోతోంది. ఒక బండి వెళ్ళింది. రెండు, మూడు, నాలుగు. నికొలాసా దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు. “చూశావా చెల్లీ, మన నేలతల్లి పూలరూపంలో వచ్చి కాపాడింది. నోరు మూసుకుని ఈల ఊదు. ఈ సాయంత్రం గడిస్తే మళ్ళీ మన గేటు మనదే.”

నికొలాసా ఈల నోట్లో పెట్టుకుంది. అయిదో బండి కదిలింది. దాని ముక్కు ఏదో, చక్రాలేవో, రంగేమిటో తెలియడం లేదు, కదులుతున్న పూలకుప్ప తప్ప. లోపలున్నవాడి మొహం నిండా నురగ. చెయ్యి ఊపాడు. ఎవరు? తలుపు కిర్రుమనే చప్పుడు ఈ టపాకాయల్లో వినపడితే కదా. ఆమె పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, ఎవరి బండి ఎవరు తీసుకెళుతున్నారో తెలియకుండా ఈల ఊదబోతోంది. జనవరిలో కనీసం మొహం చూసి మోసపోయింది, ఇప్పుడు ఆ మొహం కూడా లేదు. రేపు ఎవరిదైనా బండి కనపడకపోతే మళ్ళీ ఏమంటారు?

ఆమె ఈల తీసేసి, వెళ్ళి ఆరో బండి ముందు అడ్డంగా నిలబడింది.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు కసిమీరో.

ఆమె వంగి, రెండు చేతులూ పూలదండ కిందకి పోనిచ్చి, పెళ్ళికూతురి మేలిముసుగు ఎత్తినట్టు మెల్లగా పైకెత్తింది. ఒక్క పువ్వు రాలలేదు. కింద తెల్లటి ప్లేటు బయటపడింది. పైన పెట్టె చిన్నగా టిక్కుమంది. కర్ర లేచింది. ఆమె దండని మళ్ళీ ఎక్కడిదక్కడ దించి, చెదిరిన రిబ్బను సర్ది, బోనెట్టు మీద రెండుసార్లు తట్టింది.

“వెళ్ళిరా నాయనా. ఏడాదంతా చల్లగా తిరుగు.”

బండాయన సంతోషంతో హారను మోగించాడు. ఎర్లాన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“చూస్తావేం? చీటీలు అందుకో,” అంది నికొలాసా. “కసిమీరో అన్నా, ఆ పిడి వదిలెయ్.”

“నీకు పిచ్చిగాని ఎక్కలేదు కదా?” కసిమీరో గొంతులో నిజమైన బాధ ఉంది. “మన మెడకి మనమే ఉరి బిగించుకోవడం కాదూ ఇది?”

“కావచ్చు. కళ్ళు మూసుకుని మాత్రం నేను పంపలేను.”

బళ్ళు కదిలాయి. ఎత్తడం, టిక్కుమనడం, దించడం, తట్టడం. ఇరవై బళ్ళయ్యేసరికి ఆమె నడుం పట్టేసింది, మోచేతుల దాకా పుప్పొడి అంటింది. వంగినప్పుడల్లా నెత్తి మీద కాగితం ముక్కలు జారి పడుతున్నాయి. కాసేపు పొయ్యాక కసిమీరో గొణుక్కుంటూనే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది, పూలసందుల్లోంచి ఎర్రరంగు కనపడుతున్న స్టేషన్ వ్యాగన్. ముందు తెల్లగ్లాడియోలస్ దండ. ఆ దండ కట్టింది ఎవరో నికొలాసాకి అనుమానంగా తట్టింది కాని ఆ హడావుడిలో ఆలోచించే తీరిక లేదు. ఎత్తింది. టిక్కుమంది.

ఎర్రదీపం వెలిగింది.

“చీటీ వేరే బండిది,” అన్నాడు ఎర్లాన్ గదిలోంచి. “ఇది మోటారుసైకిలు చీటీ.”

డ్రైవరు అద్దంలోంచి తల బయటపెట్టాడు. మొహం నిండా నురగ, పైన గడ్డి టోపీ. నవ్వు మాత్రం స్పష్టంగా కనపడుతోంది, మంచి నవ్వు.

“పొరపాటున నా బండి చీటీ ఇచ్చాను పిన్నీ. బీరు అయిపోయిందని దోన్యా సెవెరీనా తెమ్మని పంపింది. నేను దోన్ ఫెలిసియానో జ్ఞానపుత్రుణ్ణి. ఎత్తించు.”

నికొలాసా దండ పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. జనవరిలో నురగ లేదు, టోపీ లేదు, కాని ఆ గొంతు అదే, ఆ ‘పిన్నీ’ అదే. అప్పుడూ ఇలాగే నవ్వాడు. అప్పుడూ ఇలాగే ఆ పెద్దమనిషి పేరు వినగానే తన మెడ తనకి తెలియకుండానే వంగింది. ఇప్పుడూ వంగబోయింది.

వెనక హారన్లు. “ఎత్తు పిన్నీ, ఎండకి చస్తున్నాం!” అని వాడు తొందరపెట్టాడు.

“ఎత్తుదును బాబూ,” అంది ఆమె. తన గొంతు అంత నెమ్మదిగా రావడం ఆమెకే ఆశ్చర్యమేసింది. “దోన్ ఫెలిసియానో మనిషివంటే నేను కాదంటానా? కాని ఎత్తేది నేను కాదు. అదిగో, పైనుంది. దానికి చుట్టాలు లేరు. నువ్వెవరో దానికి తెలియదు.”

“చేత్తో ఎత్తొచ్చుగా! ఇందాక ముసలాయన ఎత్తాడు!”

“ఇందాకటి మాట ఇందాకే అయిపోయింది.”

అతని నవ్వు సగంలో ఆగింది. వెనక్కి చూశాడు. వెనక ముప్ఫై బళ్ళు. నికొలాసా దండని జాగ్రత్తగా దించి, ఈల నోట్లో పెట్టుకుని, ఊపిరి ఉన్నంతమేరా ఊదింది. సాగనంపే ఈల కాదది. బ్యాండువాళ్ళు కూడా ఆపేశారు.

మొదట సెవెరీనా వచ్చింది. “ఇది నా బండి కదా! నా బండిలో నువ్వెవడివి?” అంది. దండ కట్టింది ఆమేనని నికొలాసాకి అప్పుడు రూఢి అయింది. కొందరు బండిని చుట్టుముట్టారు. తలుపు తెరిచి వాణ్ణి దించారు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ పెద్ద టోపీ ఒకటి ముందుకు వచ్చింది.

దిగినవాడు ఫెలిసియానోని చూశాడు. పారిపోలేదు, బొంకలేదు. గడ్డి టోపీ తీసి, తల వంచి నిలబడ్డాడు. జ్ఞానతండ్రి ఎదురైతే ఎవరైనా చేసే పనే అది, చిన్నప్పటి నుంచి చేసి చేసి వంటికి పట్టిన అలవాటు.

“పద్రీనో, జ్ఞానతండ్రీ,” అన్నాడు.

ఫెలిసియానో కుడిచెయ్యి దానంతట అదే లేచింది. దీవించడానికి. తల మీదకి జానెడు దూరం వచ్చాక ఆగిపోయింది. ఆ చెయ్యి గాలిలో ఆగడం అందరూ చూశారు. సెవెరీనా చూసింది, కసిమీరో చూశాడు. పేరు తెలియనివాడి తల మీదకి ఎవరి చెయ్యీ అలా లేవదు.

ఫెలిసియానో తన చేతినే కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కిందకి దించి, నురగ అంటిన ఆ జుట్టు మీద పెట్టాడు.

“లింబెర్,” అన్నాడు. “నావాడే. జనవరిలోనూ వీడే.” ఆయన రెండో చేత్తో తన టోపీ తీసేశాడు. బట్టతల ఎండకి మెరిసింది, ఆ మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయాడు. “వీళ్ళ నాన్న పోతూపోతూ వీణ్ణి నా చేతుల్లో పెట్టాడు నికొలాసా. నావాడు దొంగ అని నా నోటితో నేనెలా చెప్పను? అందుకని నీ నోరు మూయించాను. నువ్వు నిజమే చెప్పావు. మొదటిరోజు నుంచీ నిజమే చెప్పావు.”

నికొలాసాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏది ముందు వస్తే అది రానిమ్మనుకుంది. కోపమే ముందొచ్చింది.

“ఆ మాట చెప్పడానికి ఆరు వారాలు పట్టింది మీకు! ఆరు వారాలు ఈ గేటు దగ్గర జనం నా చేతులకేసి చూశారు, ఏం దొంగిలించానో అన్నట్టు!”

“అవును,” అన్నాడు ఫెలిసియానో.

లింబెర్ తల ఎత్తలేదు. వాణ్ణి కొట్టడానికి ఇద్దరు ముగ్గురు చేతులు ఎత్తారు కాని ఫెలిసియానో వాడి భుజం చుట్టూ చెయ్యి వేసి అడ్డు నిలబడ్డాడు. పోలీసు స్టేషనుకి తానే నడిపించుకు వెళతానన్నాడు. తోడుగా సెవెరీనా బయల్దేరింది. వెళుతూ వెళుతూ తన బండి ముందు ఆగి, నికొలాసా దించిన దండని చూసింది. ఒక్క పువ్వు చెదరలేదు.

“మిగిలిన బళ్ళు పంపించు నికొలాసా,” అంది. కాస్త ఆగి, “దోన్యా నికొలాసా,” అని గౌరవం చేర్చి దిద్దుకుంది.

ఇంకా ముప్ఫై బళ్ళున్నాయి. ఆమె కళ్ళు తుడుచుకుని వంగింది. మొహానికి పుప్పొడి అంటింది.

*

శుక్రవారం సంఘం కూర్చుంది. పెద్ద చర్చేమీ జరగలేదు. యంత్రం ఉంటుంది, దాని కింద నికొలాసా, లోపలి గేటుకి కసిమీరో ఉంటారు. పూలు పెట్టిన రోజున యంత్రానికి చూపు లేదు, జనమంతా నురగ పూసుకున్న రోజున మనుషులకి చూపు లేదు, రెండూ ఒకచోట ఉంటేనే బళ్ళు ఉంటాయని సెవెరీనా చెప్పింది. ఎవరూ కాదనలేదు. కసిమీరో మాత్రం కూర్చోవడానికి స్టూలు కావాలన్నాడు, అది కూడా సాంక్షనయింది.

“ఇంకో సంగతి,” అని ఎర్లాన్ లేచాడు. ఉన్ని టోపీ తీసి నలుపుకుంటున్నాడు. “నేను ఈ ఆదివారం దాటాక మా ఊరు వెళ్ళిపోతాను. దానికి... అదే, నిలబడేవాళ్ళు ఎవరూ లేరని అమ్మ అన్నది. ఎవరైనా ఉంటే బాగుంటుందేమో.”

ఎవరూ నవ్వలేదు. ఎవరు నిలబడాలో కూడా ఎవరూ చర్చించలేదు.

పండుగ ముగిసిందని కార్నివాల్‌ని పూడ్చిపెట్టే ఆదివారం పొద్దున అందరూ స్తంభం దగ్గర చేరారు. నికొలాసా కొత్త కుచ్చుల లంగా కట్టి, జడలకి నల్ల ఊలు కుచ్చులు, నెత్తిన టోపీ పెట్టుకుని వచ్చింది. చేతిలో పసుపుపచ్చ పూలదండ, చంకలో బీరుసీసా. నిచ్చెన వేశారు. యాభై ఏడేళ్ళ మనిషి ఎక్కుతుందా అని గుసగుసలు.

నిచ్చెన పట్టుకోవడానికి ఈసారి ఒకరు ముందుకు వచ్చారు. ఫెలిసియానో టోపీ నేల మీద పెట్టి, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. క్షమించానని ఆమె ఇంకా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. ఆయన పట్టుకున్న నిచ్చెన మీద మాత్రం మొదటి మెట్టు ఎక్కింది.

“గట్టిగా పట్టుకున్నారా?” అంది సగంలో.

“పట్టుకున్నాను. కిందకి చూడకు.”

పైకి చేరాక ఆమె దండని పెట్టె మెడ చుట్టూ వేసింది. ఒక పువ్వు పెట్టె కంటి మీదకి జారితే దాన్ని పక్కకి తప్పించి, దారంతో బిగించి, మళ్ళీ చేత్తో తడిమి చూసుకుంది. బీరు నాలుగు చుక్కలు స్తంభం మీదుగా నేలతల్లికి పోసింది. కింద ఎర్లాన్ “కరెంటు, కరెంటు!” అని కంగారుపడ్డాడు, జనం నవ్వారు. నికొలాసా మొహం ఆ నల్లటి అద్దానికి దగ్గరగా పెట్టింది. అందులో తన టోపీ, తన జడలు, చిన్నగా తలకిందులుగా కనపడ్డాయి.

“చూడమ్మా,” అంది నెమ్మదిగా, ఆ పెట్టెకి తప్ప ఎవరికీ వినపడకుండా. “ఇవాళ్టి నుంచి నీకు నేనున్నాను. రేపెవడైనా వచ్చి నికొలాసా కొడుకుని అనొచ్చు, మేనల్లుణ్ణి అనొచ్చు. నమ్మకు. నేనే వచ్చి నిలబడి అడిగినా సరే, చీటీ కలవకపోతే ఎత్తకు.”

కింద ఒక బండి వచ్చి ఆగి హారను మోగించింది. పెట్టె టిక్కుమంది. ఆమె నిచ్చెన దిగుతూనే మెడలోని ఈల అందుకుంది.